నలభై రెండు సంతకాలు

"ఇవి మీ సంతకాలే కదా?"

నోటుబుక్కు బల్ల మీద పడ్డ విసురుకి పెన్సిళ్ల డబ్బా ఎగిరి కింద పడింది. ఎవరూ వంగి తీయలేదు.

ఆయన నోటుబుక్కు వంక చూశాడు, భార్య వంక చూశాడు, మళ్లీ నోటుబుక్కు వంక చూశాడు. డ్యూటీ నుంచి వచ్చి అరగంటయినా ఇంకా యూనిఫాం విప్పలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, జేబులో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"నావే," అన్నాడు.

"నలభై రెండు. బస్సులో కూర్చుని లెక్కపెట్టాను. రోజుకొకటి చొప్పున ఒక్కటి కూడా తప్పలేదు. పిల్ల జ్వరంతో మూసిన కన్ను తెరవని రోజు కూడా పెట్టారు. ఆ రోజు కూడా చదివించారా?"

"అలవాటులో పెట్టేసుంటాను."

"ఏ అలవాటులో? చదివించే అలవాటులోనా, సంతకం పెట్టే అలవాటులోనా?"

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది. "గుమ్మంలో అడుగు పెట్టావో లేదో, ఏమిటమ్మా ఈ గోల? వాణ్ణి కాస్త టీ తాగనియ్యి."

మామూలు రోజుల్లో అత్తగారు ఆ మాట అంటే కోడలు గొంతు తగ్గించేది. ఈ రోజు ఆవిడ వంక చూడనైనా చూడలేదు.

తొమ్మిదేళ్ల పిచ్చుక కిటికీ పరదా వెనక దూరింది. ఆ పిల్లకి ఆ పేరు వాళ్ల నాన్నే పెట్టాడు. ఒక్క చోట నిలవదు కాబట్టి పిచ్చుక. కూర్చోమంటే కుర్చీ మీద మోకాళ్లేస్తుంది, పుస్తకం తీయమంటే పుస్తకాల సంచిలో పోయిన వారం పడేసుకున్న గుండీ వెతుకుతుంది. ఇప్పుడు పరదా కింద నుంచి ఆ రెండు పాదాలు కనిపిస్తున్నాయి. అవి కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతున్నాయి.

సాయంత్రం నాలుగింటికి జరిగిన సంగతి ఇదీ.

టీచరమ్మ క్లాసు ఒక పుస్తకాల షాపు మీద గదిలో నడుస్తుంది. చదవడం తంటాగా ఉన్న పిల్లలు, మనసు ఒకచోట నిలవని పిల్లలు, మొత్తం ఎనిమిదిమందే అక్కడ. తొమ్మిదో కుర్చీ వెయ్యదు ఆవిడ. ఆరు వారాలకోసారి తల్లినో తండ్రినో పిలిచి, వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్ల చదువుతుంటే వినమంటుంది. ఆ వినడం కోసమే పిచ్చుక తల్లి తను పనిచేసే కళ్లజోళ్ల షాపులో సగం రోజు సెలవు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్లింది.

పిచ్చుక లేచి నిలబడింది. రైలు కథ తెరిచింది. వేలు వరుస కింద పెట్టింది. చదివింది!

అలా ఇలా కాదు, గడగడా చదివింది. మూడో తరగతి రెండోసారి చదువుతున్న పిల్ల, తన పేరు రాయమంటే పెన్సిలు కొరికి పిప్పి చేసే పిల్ల, రైలు ఎక్కడ ఆగిందో, ఎవరు దిగారో, ఎవరి గొడుగు బోగీలో ఉండిపోయిందో తడుముకోకుండా చెబుతోంది. తల్లికి కళ్లు చెమర్చాయి. పక్కన కూర్చున్న ఇంకో తల్లి చెయ్యి పట్టుకుని నొక్కేసింది కూడా.

అప్పుడు ఫ్యాను గాలికి పేజీ తిరిగింది. ఒకటి కాదు, రెండు మూడు పేజీలు ఒక్కసారే తిరిగాయి. పిచ్చుక వేలు ఆగలేదు. నోరూ ఆగలేదు. కింద ఉన్నది బాతుల కథ. పిల్ల నోట్లో ఇంకా రైలు పరిగెడుతూనే ఉంది.

టీచరమ్మ మెల్లగా వచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "ఇక్కణ్ణుంచి చదువు తల్లీ," అంది. పిల్ల ఆ వరుస వంక చూసింది. తల్లి వంక చూసింది. తర్వాత తన బూట్ల వంక చూసుకుంది. అంతే.

అందరూ వెళ్లాక టీచరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది.

"పిల్ల మీద నాకు కోపం లేదమ్మా. అంత కథ విని గుర్తుపెట్టుకుందంటే బుర్ర పాదరసం. కానీ నేను ఇంటికి ఇచ్చిన పని ఇది కాదు. పెద్దవాళ్లు ఒక వరుస, పిల్ల ఒక వరుస, రోజూ అరగంట. అది జరిగితేనే నా పని సాగుతుంది. ఈ పిల్ల నలభై రెండు రోజుల్లో ఒక్క వరుస కూడా చదవలేదు. నోటుబుక్కు నిండా మాత్రం సంతకాలు ఉన్నాయి. అబద్ధం ఎవరిదో నాకు తెలియదు, తెలియాలి. ఈ కుర్చీ కోసం ఇరవైమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. రేపు పది గంటలకల్లా నిజం చెప్పి, ఇకమీద పిల్లతో ఎవరు కూర్చుంటారో చెప్పండి. లేకపోతే ఇంకో పిల్లని తీసుకుంటాను."

కుర్చీ పోతే ఏమవుతుందో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. ఏడాది చివరికి చదవడం రాకపోతే పిల్లని వేరే ఎక్కడైనా చూసుకోండని బడివాళ్లు ఎప్పుడో చెప్పేశారు.

ఇప్పుడు ఆమె నోటుబుక్కులోంచి ఒక అట్టముక్క తీసింది. మధ్యలో సన్నగా కిటికీ కోసిన అట్ట. చదివేటప్పుడు వరుస మీద పెడితే ఆ ఒక్క వరుసే కనబడుతుంది, చూపు పక్కకి పోదు. టీచరమ్మ తన చేత్తో కోసి ఇచ్చింది.

"చూడండి దీన్ని. రోజూ పిల్ల చేతుల్లో నలిగిన అట్టేనా ఇది? అంచు కూడా మడత పడలేదు. మా షాపులో అమ్ముడుపోని ఫ్రేముకైనా నాలుగు గీతలుంటాయి."

"పని ఒత్తిడి..." ఆయన నీళ్లు నమిలాడు.

"ఒత్తిడయితే నాకు చెప్పొచ్చుగా? సాయంత్రం బేరాల వేళ, అయినా షాపు మానుకుని నేనే కూర్చునేదాన్ని. 'నువ్వు నిశ్చింతగా వెళ్లు, నేను చదివిస్తాగా' అన్నదెవరు? మరి చదవకుండా ఆ కథ దానికెలా వచ్చింది?"

పరదా వెనక పాదాలు కదలడం ఆగిపోయింది.

"నేనే చెప్పాను," అంది అత్తగారు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని హాల్లోకి వచ్చేసింది. "మధ్యాహ్నం పూట పాఠం చదివి ఫోన్లో పెట్టేదాన్ని. సాయంత్రం తండ్రీ కూతుళ్లు వినేవాళ్లు. ఏం, తప్పా? పిల్ల నోటికి నాలుగు ముక్కలు వచ్చాయా లేదా?"

"అత్తయ్యా, మీరు కూడానా?"

"ఏమిటి నేను కూడా? కొంప మునిగిందా ఇప్పుడు?"

"ఆదివారం ఆదివారం దాన్ని నా ముందు నిలబెట్టి చదివించారే! మావాడు కష్టపడ్డందుకు ఫలితం వచ్చిందని చప్పట్లు కొట్టారే! నేను షాపులో వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను, నా కూతురు చదివేస్తోందని. ముగ్గురూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారన్నమాట."

అత్తగారు మూతి ముడిచింది. "మా మీద పడి ఏం లాభం? మా వైపు ఎవరికీ లేదీ జబ్బు. మేనమామ పోలిక. ఆ చదువురాని రక్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలిసిందే."

ఇది కొత్త మాట కాదు. రెండేళ్లుగా ఈ ఇంట్లో నానుతున్న మాటే. ఆమె తమ్ముడు బడి ఎగ్గొట్టి సైకిళ్ల షాపులో చేరాడు. అంతకంటే ఆ అబ్బాయి చేసిన పాపం లేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా భర్త ముఖంలోకి చూసేది, ఒక్కసారైనా "ఊరుకో అమ్మా" అంటాడేమోనని. ఆయన నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చునేవాడు. ఈ రోజూ అలాగే కూర్చున్నాడు.

ఆమె హ్యాండుబ్యాగులోంచి కవరు తీసింది.

"టీచరమ్మ మీకిమ్మంది. చదవండి."

"తర్వాత చూస్తాలే."

"తర్వాత కాదు, ఇప్పుడే. పైకి చదవండి. మీ అమ్మ కూడా వినాలి, మన కూతురి గురించి ఏం రాసిందో."

ఆయన కవరు చింపాడు. కాగితం మడత విప్పాడు. జేబు తడుముకున్నాడు. "కళ్లజోడు ఎక్కడ పెట్టానో..."

"మీకు కళ్లజోడు లేదు," అంది ఆమె.

వంటింట్లో ఏదో పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. అత్తగారు కదల్లేదు.

"మీకు కళ్లజోడు లేదు," అని మళ్లీ అంది, ఈసారి నెమ్మదిగా. "అవసరం లేదని చెప్పింది నేనే. మీ కళ్లు చూసింది నేను."

చూసిందంటే నిజంగానే చూసింది. పన్నెండేళ్ల కిందట లిఫ్టుల కంపెనీ కొత్తగా చేరినవాళ్లందరినీ కంటి పరీక్ష చేయించుకు రమ్మంటే, ఈయన వాళ్ల షాపుకి వచ్చాడు. అక్షరాల చార్టు ముందు కూర్చోబెట్టి ఒక కన్ను మూయమంది. పైనుంచి కింది దాకా, చీమ తలంత అక్షరాల చివరి వరుస దాకా టకటకా చదివేశాడు. "మీకు గద్ద చూపండీ" అంది ఆమె. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే పడిపోయింది. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. ఇప్పటికీ చుట్టాలు వస్తే ఆ గద్ద చూపు కథ చెప్పుకుని నవ్వుకుంటారు.

"ఆ రోజు మీకంటే ముందు చార్టు చదివిందెవరు?" అని అడిగింది.

"ఏ రోజు?"

"మీకు తెలుసు ఏ రోజో."

ఆయన కాగితాన్ని మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"ఒక పెద్దాయన," అన్నాడు చివరికి. "చెవుడు ఆయనకి. నువ్వు గట్టిగా అరుస్తూ మూడుసార్లు చదివించావు. నేను బెంచీ మీద కూర్చుని విన్నాను."

ఆమె కుర్చీ వెనక్కి లాక్కుని కూలబడింది.

కళ్లజోళ్ల షాపులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న మనిషి. అద్దం చేత్తో పట్టుకుని పవరు చెప్పేయగలదు. పిల్లకి చదువు రావడం లేదంటే కళ్లే కారణమనుకుని ఒకటి కాదు, మూడు కళ్లజోళ్లు చేసింది. శుభ్రమైన కళ్లున్న పిల్ల ముక్కు మీద మూడు జోళ్లు మార్చి మార్చి పెట్టి చూసింది. పక్కన పడుకునే మనిషికి అక్షరం ముక్క రాదన్న సంగతి మాత్రం కనిపెట్టలేకపోయింది.

ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. హోటల్‌కి వెళ్తే మెనూ కార్డు తన వైపు తోసి, "నీకేది ఇష్టమో అదే నాకూ" అనేవాడు. ఎంత ప్రేమో అనుకుంది! ఏ దరఖాస్తు వచ్చినా, "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాయి" అనేవాడు. మురిసిపోయి రాసింది. పదకొండేళ్లు రాసింది.

"అత్తయ్యా, మీకు తెలుసు."

"తల్లిని. నాకు తెలియకుండా ఉంటుందా?" అత్తగారి గొంతులో మొదటిసారి జంకు వినిపించింది. "చిన్నప్పుడు వాణ్ణి బడిలో ఎంత కొట్టారో నీకేం తెలుసు? పలక చూస్తేనే వణికిపోయేవాడు. ఇప్పట్లా టీచరమ్మలూ అట్టముక్కలూ ఉన్నాయా మాకు? మొద్దు అన్నారు, మాన్పించేశాం. సంతకం ఒక్కటి నేర్పాను. ఆర్నెల్లు పట్టింది."

"అయ్యో అనే అనుకుంటాను నేను. మొదటి రోజు చెప్పుంటే అయ్యో అనే అనుకునేదాన్ని." ఆమె భర్త వైపు తిరిగింది. "చదువు రాకపోవడం తప్పని ఎవరన్నారు? టీచరమ్మ క్లాసులో చేర్చుకునే రోజున అడిగింది, ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉందా అని. ఉంటే పిల్లకి ఎలా నేర్పాలో తొందరగా తెలుస్తుందంది. నా పక్కనే కూర్చున్నావు నువ్వు. తల అడ్డంగా ఊపావు."

నువ్వు. పెళ్లయ్యాక ఆయన్ని ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి.

"మొగుణ్ణి పట్టుకుని నువ్వంటావా?" అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"అంటాను. ఆ ఫారంలో నా తమ్ముడి పేరు రాశాను నేను, ఈ చేత్తోనే. అంతకు ముందైనా ఊరుకున్నానా? నీ మూలంగానే నా కూతురికి ఇలా వచ్చింది, నువ్వూ వచ్చి పరీక్ష చేయించుకోమని వాడి షాపు ముందు, పనివాళ్ల ముందు అడిగాను. వాడు నవ్వేసి ఊరుకున్నాడు. ఆ తర్వాత మన గుమ్మం తొక్కలేదు. ఏడాదిన్నర అయింది. నీకు తెలుసు వాడు ఎందుకు రావడం లేదో. నేను ఏడ్చిన రోజు నా పక్కన కూర్చుని మంచినీళ్లిచ్చావే గానీ, నిజం చెప్పావా? రెండేళ్లు మీ అమ్మ నన్ను అంటుంటే అననిచ్చావు."

ఆయన తల ఎత్తలేదు. "ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

"సంతకానికి చెయ్యి మాత్రం వచ్చింది."

"ఉద్యోగం పోతుంది," అన్నాడు ఆయన. "నీకు తెలియదు. కంపెనీలో ఎవరికీ తెలియదు. ప్రతి లిఫ్టు దగ్గరా చెకింగ్ కాగితం చదివి సంతకం పెట్టాలి. నేను చదవను. కాగితంలో ఉండేదంతా నాకు కంఠతా వచ్చు. వైర్ల రంగు చూస్తాను, మోటారు చప్పుడు వింటాను. నా చేతి కింద ఒక్క లిఫ్టు ఆగిందా? ఒక్కరికి గీత పడిందా? కానీ తెలిస్తే ఊరుకుంటారా? చదువురాని వాడి చేతిలో జనం ప్రాణాలు పెట్టారని గెంటేస్తారు. టీచరమ్మకి చెబితే ఆ నోటా ఈ నోటా పాకుతుంది. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు."

ఆ చేతులు చూసి ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. గోళ్ల సందుల్లో గ్రీజు. పలక చూసి వణికిన చిన్నపిల్లాడు కళ్ల ముందు మెదిలాడు. వాడిలాగే వణుకుతున్న ఇంకో పిల్ల పరదా వెనక ఉంది.

పరదా కదిలింది. పిచ్చుక బయటికొచ్చింది. తండ్రి కుర్చీ దగ్గరికెళ్లి ఆనుకుని నిలబడింది.

"నాన్నని తిట్టకమ్మా. నాన్నకి నాకంటే తొందరగా వచ్చేస్తుంది తెలుసా? ఇయర్‌ఫోన్ ఒకటి నాకూ ఒకటి నాన్నకీ పెట్టుకుంటాం. నాన్న రెండుసార్లు వింటే చాలు. నేను ఆరుసార్లు వినాలి."

"నీకు తెలుసా నాన్నకి చదవడం రాదని?"

"నాకు మొదట్నుంచీ తెలుసు." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది పిల్ల. "నాన్న కూడా నాలాగే చూస్తాడు పేజీని. మా ఇద్దరి సీక్రెట్ అది."

అంటే ఈ ఇంట్లో ఆ సంగతి తెలియనిది తనొక్కతెకే.

"టీచరమ్మకి నేను చెప్తాను," అంది పిచ్చుక. "సంతకాలు నేనే పెట్టేశానని చెప్తా. నాన్న సంతకం నాకు వచ్చు, చూసి చూసి నేర్చుకున్నా. నాన్న చదివిస్తానంటే నేనే వినలేదని, నోటుబుక్కు దాచేశానని చెప్తా. అప్పుడు నాన్నని ఎవరూ ఏమనరు కదా?"

"బంగారుతల్లి," అంటూ అత్తగారు పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆమె భర్త వంక చూసింది. ఇప్పుడైనా అంటాడు, వద్దమ్మా, అది నీ తప్పు కాదు అంటాడు. కూతురు కదా, అనకుండా ఎలా ఉంటాడు?

ఆయన భుజాలు దిగాయి. ఊపిరి వదిలాడు. చెయ్యి చాచి కూతురి తల నిమిరాడు.

"చిన్నపిల్ల," అన్నాడు, భార్య వైపు చూడకుండా. "చిన్నపిల్లని ఏమంటారులే. కాసేపు కోప్పడి వదిలేస్తారు. కుర్చీ కూడా పోదేమో. నువ్వేమంటావు?"

ఆమె కూతురి వంక చూసింది. నిన్నటిదాకా తన తమ్ముడు, తను. రేపట్నుంచి తొమ్మిదేళ్ల పిల్ల. ఈయన తప్పుని ఎవరో ఒకరు ఎప్పుడూ మోస్తూనే ఉండాలన్నమాట.

ఆమె లేచింది. కింద పడ్డ పెన్సిళ్లు ఏరి డబ్బాలో పెట్టింది. డబ్బా బల్ల మీద పెట్టింది. అప్పుడు తన ఫోను తీసి టీచరమ్మ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, నోటుబుక్కు మీద ఆయన ముందు పెట్టింది.

"ఏం చేస్తున్నావు?" ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"రేపటి దాకా ఎందుకు? నువ్వే చెప్పు. దీనికి చదువు రానక్కర్లేదు."

ఫోను మోగుతోంది. అత్తగారు చెయ్యి చాచబోయింది. ఆమె చూసిన చూపుకి ఆగిపోయింది.

పిచ్చుక తండ్రి ముఖంలోకి చూస్తోంది. రెండు నిమిషాలు ఒకచోట చూపు నిలవని పిల్ల, రెప్ప వేయకుండా, కదలకుండా చూస్తోంది.

"హలో," అంది టీచరమ్మ గొంతు.

ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"హలో? ఎవరండీ మాట్లాడేది?"